బతికున్న అమ్మకి తెల్లపువ్వు

ఇమానీ మొట్టమొదటిసారి "అమ్మా" అన్నప్పుడు షెరీస్ అక్కడే ఉంది. నాలుగడుగుల దూరంలో, వంటింటి బల్ల దగ్గర, చేతిలో పాలసీసాతో నిలబడి ఉంది. పిల్ల ఆమెవైపు చూడనైనా చూడలేదు. వెర్నెల్‌వైపు రెండు చేతులూ చాచి అమ్మా అంది, మళ్లీ అంది, ఎవరికైనా వినపడకుండా పోయిందేమో అని మూడోసారి కూడా అంది.

వెర్నెల్ షెరీస్‌ని కన్న తల్లి. ఇమానీకి అమ్మమ్మ. వయసు ముప్పై మూడు. అమ్మమ్మ అంటే నడుం పట్టుకుని మూలుగుతూ ఉంటుందనుకునేవాళ్లు ఈ మనిషిని చూస్తే నమ్మరు. పిల్లని ఎత్తుకుని వంటిల్లంతా గిరగిరా తిప్పేసింది.

"అమ్మనే పిలిచావా నా బంగారం! అమ్మ వచ్చేసింది చూడు!"

"అది నిన్ను కాదు అన్నది," అంది షెరీస్.

"మరెవర్నే? గోడనా?"

"పిల్లలు ముందు ఆ మాటే అంటారు. దానికి అర్థం తెలిసి కాదు."

"అర్థం తెలీకపోతే నీవైపు తిరిగి కూడా అనొచ్చుగా," అంది వెర్నెల్ నవ్వుతూ. అంత తేలిగ్గా అంది. షెరీస్‌కి పదిహేడేళ్లు. ఆ వయసులో తేలిగ్గా అన్న మాట తేలిగ్గా పోదు. పాలసీసా బల్లమీద టక్కున పెట్టి బయటికి వెళ్లి మెట్లమీద కూర్చుంది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఇమానీ చాలా మాటలు నేర్చింది. పాలు, బూట్లు, కుక్క, వద్దు. కన్నతల్లిని మాత్రం "షెరీ" అంటుంది, ఇంట్లో వెర్నెల్ ఏమని పిలుస్తుందో అదే. తల్లిని పేరుపెట్టి పిలవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. షెరీస్ కూడా వెర్నెల్‌ని వెర్నెల్ అనే పిలుస్తుంది. ఆమె "అమ్మ" అన్నది ఒడెస్సాని. ఒడెస్సా వెర్నెల్ తల్లి. వెర్నెల్‌కి పదహారేళ్లప్పుడు షెరీస్ పుడితే, నువ్వు బడికి పో, దీన్ని నేను పెంచుతాను అని ఒడెస్సా పిల్లని తన గదిలోకి తీసుకుపోయింది. అంతే, ఆ పిల్ల మళ్లీ ఆ గదిలోంచి బయటికి రాలేదు. కిందటేడు జనవరిలో ఒడెస్సా పోయేదాకా షెరీస్‌కి వెర్నెల్ అంటే ఆదివారాలు వచ్చి బూట్లు కొనిపెట్టే అక్కలాంటి మనిషి. ఒడెస్సా పోయిన రెండు నెలలకి, మార్చిలో, ఇమానీ పుట్టింది. వెర్నెల్ తిరిగి ఆ ఇంటికే వచ్చేసింది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు, మధ్యలో ఒక ఉయ్యాల.

వెర్నెల్‌ది విమానాశ్రయం దగ్గర పార్సిళ్లు వేరుచేసే పని, రాత్రి డ్యూటీ. తెల్లారి ఇంటికొచ్చే వేళకి షెరీస్ స్కూలు బస్సు ఎక్కుతుంది. సాయంత్రం షెరీస్ వచ్చేదాకా ఇమానీ వెర్నెల్‌తోనే. ఆటలు ఆమెతో, పాటలు ఆమెతో, మధ్యాహ్నం ఒకే దిండుమీద నిద్రా ఆమెతోనే. రాత్రి పళ్లు మొలిచే జ్వరాలు, చెవిపోట్లు, తడిసిన పక్కలు షెరీస్‌వి. నవ్వులన్నీ పగటికి, ఏడుపులన్నీ రాత్రికి పంచుకున్నట్టు అయింది. తను కష్టపడి నిద్రపుచ్చిన పిల్ల, పొద్దున తలుపు చప్పుడు కాగానే "అమ్మా" అని గుమ్మందాకా దేకుతూ పోతుంటే షెరీస్‌కి కడుపు భగ్గుమనేది. కాలిజోళ్లు వేసుకుంటూ చూసేది. బస్సు హారన్ కొట్టేది.

బడిలో ఆమెలా బిడ్డలున్న పిల్లలు తొమ్మిదిమంది. బుధవారం వాళ్లకి వేరే క్లాసు. ఒకరోజు టీచరమ్మ కాగితాలు పంచి, అమ్మ అంటే ఏమిటో మీకు తోచింది రాయండి అంది. షెరీస్ పక్క బల్లమీది డెనిట్రా, ఆర్నెల్ల కొడుకున్న పిల్ల, "నిద్ర లేకపోవడం" అని రాసి పెన్ను మూసేసింది. వెనకాల కూర్చున్న పిల్ల "నన్ను వదిలి పోని మనిషి ఒకరైనా ఉండడం" అని రాసింది. దాన్ని టీచరమ్మ పైకి చదివితే ఎవరూ నవ్వలేదు. షెరీస్ "పిల్ల ఎవరివైపు చేతులు చాస్తుందో వాళ్లు" అని రాసి, కొట్టేసి, "కన్నది" అని రాసింది.

"నీకేమే, మహారాణివి," అంది డెనిట్రా ఆరోజు అన్నం దగ్గర. "మీ వెర్నెల్ పగలంతా చూస్తుంది. మా అమ్మ నా కొడుకుని ఒక్క గంట పట్టుకోమంటే మోకాళ్లనొప్పి అంటుంది. అదృష్టం నెత్తిమీద కూర్చున్నా కనపడదు కొందరికి."

"మీ అమ్మని ఇచ్చి మా వెర్నెల్‌ని తీసుకుపో," అంది షెరీస్. డెనిట్రా హాస్యం అనుకుని నవ్వింది.

మే నెల రెండో ఆదివారం తల్లుల ఆదివారం. వాళ్లుండే ఆరంజ్ మౌండ్ పేటలో ఎంత బద్ధకస్తులైనా ఆ ఒక్క పూట చర్చికి వస్తారు. న్యూ గిలియడ్ సంఘంలో గుమ్మం దగ్గర తెల్ల చేతితొడుగులు వేసుకుని సిస్టర్ ఎర్లీన్ రెండు పళ్లాలు పట్టుకుని నిలబడుతుంది. అమ్మ బతికున్నవాళ్లకి ఎర్రపువ్వు, పోయినవాళ్లకి తెల్లపువ్వు. ఎవరి గుండెమీద వాళ్లు గుచ్చుకుని లోపలికి పోతారు. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు పోయారో ఆ ఒక్కరోజు సంఘం అంతా ఒకళ్ల గుండెలు ఒకళ్లు చూసి తెలుసుకుంటుంది. ప్రార్థన అయ్యాక అందరికంటే పెద్ద తల్లికి, ఎక్కువమంది పిల్లలున్న తల్లికి, అందరికంటే చిన్న తల్లికి బహుమానాలు. మొదటి రెండూ ఏటా ఖాయమే. మూడోదానికే ఏటా గొంతులు సవరించుకుంటారు. అందరికంటే చిన్న తల్లి ఎవరో అందరికీ తెలుసు, ఆ పిల్లకి పెళ్లికాలేదని కూడా తెలుసు. అందుకని బహుమానం ఏటా పెద్దల ఇళ్ల కోడళ్లలో ఎవరికో చేరుతుంది. దేవుడు చూస్తూనే ఉంటాడు, ఏమీ అనడు.

ఆ ముందురోజు మధ్యాహ్నం షెరీస్ పక్కింటి ప్రూయిట్ మామ్మగారికి రొట్టె ఇవ్వడానికి వెళ్లింది. ముసలావిడ వరండాలో కూర్చుని ఒడినిండా ఆకుకూర పోసుకుని కాడలు తుంచుతోంది. సంఘంలో పెద్దతల్లి బహుమానం ఆరేళ్లనుంచి ఆవిడదే, నోరు కూడా అంత పాతదే.

"రేపైనా ఎర్రది పెట్టుకోవే," అంది మామ్మ తల ఎత్తకుండానే.

"ఏమిటి?"

"ఏమిటంటావేంటే? కిందటేడు కన్నతల్లి పక్కనే నిక్షేపంలా కూర్చునుంటే తెల్లపువ్వు గుచ్చుకొచ్చావు. ఊరంతా చూసింది."

షెరీస్‌కి నిజంగానే తట్టలేదు. కిందటేడు సిస్టర్ ఎర్లీన్ ఏదమ్మా అంటే, అమ్మ పోయి నాలుగు నెలలే కదా అని చెయ్యి తెల్లవాటి మీదికి పోయింది. అంతకుమించి ఆలోచించలేదు.

"నేను అమ్మ కోసం పెట్టుకున్నా."

"ఒడెస్సా కోసం. నాకు తెలుసులే. కానీ వెర్నెల్ ఆరోజు భోజనాల దగ్గరికి రాలేదు. వెనక వంటగదిలో దూరి వంద ప్లేట్లు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. మొహం ఎవరికీ చూపించలేక." మామ్మ కాడ ఒకటి విసిరింది. "నీతో ఏమీ అనలేదా?"

"అనలేదు."

"అనదు. దానిది అదే రోగం."

మంచి పిల్ల అయితే ఇంటికి వస్తూ బాధపడాలి. షెరీస్ కొంచెం బాధపడింది కూడా, దడి దాటేదాకా. దడి ఇవతల వరండాలో వెర్నెల్ కూర్చుని ఇమానీకి జడలు వేస్తోంది. పిల్ల ఆమె మోకాళ్ల మధ్య కుదురుగా కూర్చుంది. షెరీస్ దువ్వెన పడితే చాలు పిల్లి గోళ్లు గుచ్చినట్టు కేకలు పెట్టే పిల్ల, వెర్నెల్ చేతికింద కునుకు తీస్తోంది. చివర పసుపుపచ్చ పిన్నులు పెట్టిన ఎనిమిది జడలు. నేను రేపు వేస్తానని షెరీస్ పొద్దున్నే చెప్పింది. చెప్పిన మాట చెప్పినట్టే గాలికి పోయింది. దాంతో ఆ కాస్త బాధా పోయి దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. వెర్నెల్‌కి ఎక్కడ తగిలితే నొప్పో ఇప్పుడు తనకి తెలుసు అనుకుంది షెరీస్. మామ్మ చెప్పింది బుద్ధి నేర్పడానికి. ఈ పిల్ల దాన్ని కత్తిలా పట్టుకెళ్లింది.

సాయంత్రం వంటింట్లో షెరీస్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వెర్నెల్ జుట్టు సాపు చేస్తోంది. ఇత్తడి దువ్వెనని పొయ్యిమీద కాల్చి ఉంగరాల జుట్టులోంచి లాగుతుంటే నూనె వాసన గదంతా నిండింది. శనివారం సాయంత్రం ఆరంజ్ మౌండ్‌లో ప్రతి వంటింట్లోనూ అదే వాసన.

"చెవి పట్టుకో," అంది వెర్నెల్.

షెరీస్ చెవి మడిచి పట్టుకుంది. "జడలు నేను వేస్తానన్నానుగా."

"నీకు చదువుకోవాల్సింది ఉందన్నావు."

"అది నా పిల్ల."

"కాదన్నానా?"

"నోటితో అనవు. 'అమ్మ దగ్గరికి రా, అమ్మ పెడుతుంది, అమ్మ ఎత్తుకుంటుంది.' పొద్దస్తమానం ఇదే. నన్ను కన్నావు, పెంచడం చేతకాక అమ్మకి ఒదిలేశావు. ఇప్పుడు ఖాళీ దొరికింది, పెంచాలని ముచ్చటేసింది. నీకు నీ పిల్ల అక్కర్లేదు గానీ నా పిల్ల కావాలి."

దువ్వెన గాల్లో ఆగింది. పొయ్యిమీద మంట చిన్న చప్పుడు చేస్తోంది. కింద చాపమీద ఇమానీ గరిటెతో గిన్నె వాయిస్తోంది. తిడుతుందేమో, చెంప పగలగొడుతుందేమో అని షెరీస్ మెడ బిగించుకుని కూర్చుంది. నిజానికి తిట్టాలనే కోరుకుంది.

"రెండో చెవి పట్టుకో," అంది వెర్నెల్. "కాలుతుంది."

ఆదివారం ముగ్గురూ కొత్త బట్టల్లో వెళ్లారు. ఇమానీకి పసుపుపచ్చ గౌను, జడపిన్నులకి జోడు. గుమ్మం దగ్గర సిస్టర్ ఎర్లీన్ వెర్నెల్‌కి తెల్లపువ్వు ఇచ్చింది, ఒడెస్సా పోయింది కనక. ఇమానీ గౌనుకి చిన్న ఎర్రపువ్వు గుచ్చింది. తర్వాత షెరీస్‌వైపు తిరిగి, రెండు పళ్లాలూ ముందుకి పెట్టి, "ఏదమ్మా?" అంది. ఈసారి ఆ గొంతులో కొంచెం జాగ్రత్త ఉంది.

వెర్నెల్ పిల్ల సాక్సు సరిచేస్తూ వంగి ఉంది. కానీ చెయ్యి ఆగిపోయింది.

షెరీస్ తెల్లదే తీసుకుంది. కావాలనే, తీరుబడిగా, మంచిదేదో ఏరుకుని మరీ తీసుకుంది. వెర్నెల్ సాక్సు పైకి లాగి, పిల్లని ఎత్తుకుని, ఏమీ చూడనట్టు లోపలికి నడిచింది. షెరీస్ వెనకాలే నడిచింది. తగిలిందని తెలిసింది. హాయిగా ఉంటుందనుకుంది. ఉండలేదు. అయినా వెనక్కి పోయి మార్చుకునేంత చిన్నతనానికి ఆమె సిద్ధంగా లేదు.

పాటలయ్యాయి. ప్రసంగం అయింది. పాస్టరమ్మ బహుమానాలకి లేచింది. ఆవిడ ఆ సంఘానికి కొత్త, ఆకురాలు కాలంలో భర్తతో వేరే ఊరినుంచి వచ్చింది. మంచిదే, కానీ ఎవరు ఎవరి పిల్లో ఇంకా తెలీదు. పెద్దతల్లి ప్రూయిట్ మామ్మకి శాలువా, పదకొండుమంది పిల్లల తల్లికి పళ్లబుట్ట అందాయి. "ఇప్పుడు మనందరిలో చిన్న తల్లి ఎవరో లేచి నిలబడండి," అంది పాస్టరమ్మ.

గొంతులు సవరించుకున్నారు. రెండో వరసలో ఒక పెద్దాయన కోడలు, ఇరవైమూడేళ్ల మనిషి, కిందటేడు అలవాటు కొద్దీ గౌను సర్దుకుంటూ సగం లేచింది.

"లే," అంది వెర్నెల్.

షెరీస్ కదల్లేదు.

వెర్నెల్ ఎదురుగా చూస్తూనే, పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడింది. "పదహారేళ్ల కిందట ఇదే బెంచీమీద నేను లేవబోతే మా అమ్మ నా గౌను పట్టుకుని కిందికి లాగింది. 'సిగ్గులేదా, కూర్చో, తల్లిని నేను' అంది. నిన్ను ఒళ్లో పెట్టుకుని అంది. నేను కూర్చున్నాను. ఆరోజు కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదే. నువ్వు లే." తర్వాత గొంతెత్తి, చర్చి అంతా తిరిగి చూసేలా అంది: "ఇక్కడ ఇంకా చిన్నది ఉందండీ. పదిహేడేళ్లు."

ఇమానీని షెరీస్ చేతుల్లో పెట్టి, వీపుమీద చెయ్యి ఆనించి లేపింది.

కోడలుగారు కూర్చుంది. షెరీస్ ముందుకి నడిచింది. పాస్టరమ్మ పూలమొక్క ఉన్న కుండీ చేతికందిస్తూ షెరీస్ గుండెమీద పువ్వు చూసింది. ఆవిడ మొహం కరిగిపోయింది.

"అయ్యో తల్లీ," అంది మైకులోనే. "ఇంత పసితనంలో, పక్కన అమ్మ కూడా లేకుండా ఈ బిడ్డని పెంచుకొస్తున్నావా? మీ అమ్మగారు ఎప్పుడు పోయారమ్మా? ఆమెని తలుచుకుని రెండు మాటలు చెప్పు."

మైకు ఆమె మూతి దగ్గరికి వచ్చింది. చర్చిలో విసనకర్రలు ఆగిపోయాయి. రెండువందలమంది, వెర్నెల్ కూర్చున్న మూడో వరస వైపు చూడకుండా ఉండడానికి పైకప్పు చూశారు.

అప్పుడే ఇమానీకి తన మనిషి దూరంగా ఉందని తెలిసింది. షెరీస్ భుజంమీంచి వెనక్కి వాలి, రెండు చేతులూ మూడో వరసకి చాచి, "అమ్మా!" అని కేకపెట్టింది. మైకు ఆ కేకని మూలమూలకీ పంచింది.

షెరీస్‌కి ఒళ్లంతా మండింది. ఇంతమంది ముందు, బహుమానం చేతిలో ఉండగానే, ఈ పిల్ల తనని ఎవరికీ కాకుండా చేసింది. కోపంగా వెర్నెల్‌వైపు చూసింది. ఇప్పుడు చేతులు చాస్తుంది, గెలిచినట్టు నవ్వుతుంది అనుకుని చూసింది.

వెర్నెల్ రెండు చేతుల్నీ తన తొడలకింద పెట్టుకుని కూర్చుంది. పిల్ల పిలుస్తోంది, ఆమె రావడంలేదు. మొహం ఎటూ తిప్పుకోలేదు. చేతులు బయటికి వస్తాయేమోనని వాటిమీద కూర్చున్న మనిషిని షెరీస్ మొదటిసారి చూసింది. ఏనాడో ఈ బెంచీమీదే, ఇంకో ఒళ్లో ఉన్న ఇంకో పిల్ల కోసం కూడా ఆ చేతులు ఇలాగే ఉండి ఉంటాయని అప్పుడు తట్టింది. ఆ పిల్ల తనే. ఆ పిల్ల ఒక్కసారి కూడా అటు చేతులు చాచలేదు.

"మా అమ్మ పోలేదండీ," అంది షెరీస్.

పాస్టరమ్మకి అర్థం కాలేదు. షెరీస్ కుండీని ఆవిడ చేతిలోనే తిరిగి పెట్టింది. ఏడుస్తున్న పిల్లని చంకలో సర్దుకుని, నడిమి దారంట, అందరి మధ్యనుంచి, గుమ్మందాకా నడిచింది. తెల్లపువ్వు పీకుతుంటే పిన్ను వేలికి గుచ్చుకుంది. సిస్టర్ ఎర్లీన్ పళ్లాల్లో ఇంకా నాలుగైదు పువ్వులు మిగిలి ఉన్నాయి.

"ఎర్రది ఇవ్వండి."

"ఎవరికమ్మా?" అంది ఎర్లీన్ నెమ్మదిగా. ఆవిడకి తెలుసు. అయినా అడిగింది.

"నాకే. మా అమ్మ బతికే ఉంది." గట్టిగానే అంది. "అదిగో, మూడో వరసలో."

ఎర్లీన్ తెల్ల చేతితొడుగు తీసేసి, వట్టి చేత్తో ఆ పువ్వు గుచ్చింది. ప్రూయిట్ మామ్మ ఎక్కడినుంచో "ఆమెన్" అంది, ప్రార్థన ఏదీ జరగకపోయినా.

షెరీస్ వెనక్కొచ్చి బెంచీమీద కూర్చుంది. వెర్నెల్ ఆమెవైపు తిరగలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చోగానే ఇమానీ షెరీస్ ఒళ్లోంచి జారి, ఎప్పటిలాగే వెర్నెల్ మీదికి ఎగబాకి, మెడ కావలించుకుని, వెక్కుతూ కళ్లు మూసింది. షెరీస్ చూసింది. కడుపుమంట చల్లారిందంటే అబద్ధం. పువ్వు మార్చినంత మాత్రాన పిల్ల మారదు.

పాట మొదలైంది. అందరూ లేచారు. వెర్నెల్ లేవలేదు. కళ్లు తుడుచుకోవడానికి ఆమెకి చెయ్యి ఖాళీ లేదు. పాట సగానికి వచ్చాక, మెడచుట్టూ ఉన్న చిన్న చేతుల్ని ఒక్కొక్కటిగా విడదీసి, నిద్రపోతున్న పిల్లని షెరీస్ ఒళ్లోకి జరిపింది.

"పట్టుకోవే," అంది. "నీ కూతురు బరువెక్కింది."